చీకటివాగు సహజ స్వభావం

చీకటివాగు నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని కాగితం వచ్చిన రోజున మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

ఆయన పేరు ముత్యాలరావు. తేనెకొండల అభయారణ్యంలో బీటు ఆఫీసరు. అంటే తనకు అప్పగించిన అడవి ముక్కను కాలినడకన తిరిగి చూసుకునే ఉద్యోగం. ఆ ముక్కలో ఒక కొండ, రెండు లోయలు, ఇరవై రెండు ఇళ్ళున్న ఊటగూడెం, ఆ గూడెం వాళ్ళు తాగే చీకటివాగు ఉన్నాయి. మేముండేది కొండ కింద క్వార్టర్సులో.

"కూర బాలేదా?" అన్నాను.

"కూర బానే ఉంది. నీ మజ్జిగే కొంప ముంచింది."

"ఇవాళ ఇంకా మజ్జిగ పొయ్యలేదుగా."

"ఇవాల్టిది గాదే. ఆరేళ్ళ కిందటిది."

పెళ్ళయి ఇన్నేళ్ళలో వంటకు వంకలు చాలా విన్నాను గానీ ఇంత పాతది వినలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం చదివాను.

అది సమీకృత అభయారణ్య జలదత్తాంశ నిర్వహణ కేంద్రం నుంచి వచ్చింది. పదకొండు అభయారణ్యాల్లోని వాగులు, చెరువులు, సెలయేళ్ళ నీటి వివరాలన్నీ ఒక్క పోర్టల్‌లోకి చేర్చడం ఆ కేంద్రం పని. అంతకు ముందు ఆ వివరాలు పదకొండు ఆఫీసుల బీరువాల్లో ఎవరికీ అపకారం చెయ్యకుండా పడి ఉండేవి.

పోర్టల్ చేసే పని తేలికైనదే. ఆరేళ్ళ కిందట ప్రతి వాగులోంచీ ఒక సీసాడు నీళ్ళు పట్టి పరీక్ష చేయించారు. ఆ ఫలితం ఆ వాగుకు మూల విలువ. ఇప్పుడు నెలనెలా పట్టే నీళ్ళను దానితో పోలుస్తారు. తేడా నూటికి ఐదు లోపుంటే ఆకుపచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. తేడా మంచి వైపా చెడ్డ వైపా అని పోర్టల్ అడగదు. చీకటివాగు తేడా తొంభై ఒకటి.

తేడాకు కారణం కూడా పోర్టలే తేలుస్తుంది. దాని దగ్గర నాలుగు కారణాలున్నాయి: కర్మాగారం, గని, పురుగుమందుల సేద్యం, మానవ నివాసం. మా కొండమీద మొదటి మూడూ లేవు. కాబట్టి నాలుగోది దానంతటదే ఎంపికైంది. ఊటగూడెం వాళ్ళ వల్ల వాగు సహజ స్వభావం చెడిపోయిందని, మూడు నెలల్లో ఆ స్వభావం తిరిగి రాకపోతే వాగు పొడవునా ముళ్ళకంచె వేసి, గూడెం వాళ్ళను నీటి అంచుకు అయిదువందల మీటర్ల దూరంలో ఉంచాలని కాగితం చివర ఉంది.

గూడెంలో ఒక బోరు ఉంది. దాని నీళ్ళతో వండితే అన్నం ఇటుకపొడి కలిపినట్టుంటుంది. వాగు లేకపోతే ఊటగూడెం లేదు.

"దీనికీ నా మజ్జిగకీ ఏమిటి సంబంధం?"

మా ఆయన పీట జరుపుకున్నారు. "మూల నమూనా పట్టింది నేనే. సర్కారు వాళ్ళిచ్చిన సీసాలు మూడు. రాతిమీద కాలు జారి మూడూ పగిలిపోయినియ్యి. ఆ రోజే ఆఖరి తేదీ. సంచిలో నువ్విచ్చిన మజ్జిగ సీసా ఉంది."

"కడిగి పట్టారా?"

"సీసా కడగరాదు అని రాసుంది. పెద్దక్షరాలతో."

లాబు వాళ్ళిచ్చే సీసాల్లో నీళ్ళు పాడవకుండా ముందే ఏదో మందు చుక్కలు వేసి పంపుతారట. అందుకని కడగొద్దంటారట. ఈ సంగతి ఆయనకు తర్వాత తెలిసింది. పాతికేళ్ళ సర్వీసులో ఆయన రాసిపెట్టిన దాన్ని దాటిన మనిషి కాదు.

"పోనీ ఉన్నదంతా తాగేసి పట్టొచ్చుగా."

"సగం తాగాను. పులుపెక్కువైంది."

"పులుపెక్కువైందని ఆరేళ్ళ తరవాత చెబుతున్నారన్నమాట."

ఆయన తలొంచుకున్నారు. కాగితానికి జతగా వచ్చిన ఆ పాత నమూనా లాబు నివేదికను నేనే విప్పి చదివాను. స్వల్పంగా ఆమ్ల స్వభావం, లవణాలు అధికం, కొవ్వు ఆనవాళ్ళు, స్థానిక వృక్షజాతికి చెందిన పత్ర అవశేషం ఒకటి. కరేపాకును అంత గౌరవంగా పిలవడం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు ముగ్గురం రేంజరు గారి దగ్గరికి వెళ్ళాం. మా ఆయన నేరం ఒప్పుకోవడానికి. మజ్జిగ నాదే కాబట్టి సాక్ష్యానికి నేను. మూడో మనిషి కెచ్చెల పండమ్మ. ఊటగూడెం ఆడవాళ్ళకు ఏ ఆఫీసులో ఏ పనున్నా వచ్చి మాట్లాడేది ఆవిడే. యాభై దాటిన మనిషి. నెత్తిన రెండు బిందెలు, చంకన ఒకటి పెట్టుకుని చీకటివాగు మెట్టు ఎక్కుతుంటే వెనక నడిచే నేను ఆయాసపడతాను.

రేంజరు కనకాంబరరావు గారు మా ఆయన చెప్పింది ఆఖరిదాకా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ముత్యాలరావూ, ఇప్పుడు నువ్వు చెప్పింది నేను వినలేదు."

"మళ్ళీ చెప్పమంటారాండి?"

"వద్దు. మళ్ళీ వినకుండా ఉండటం కష్టం." ఆయన బీరువా తీసి అట్ట మందంగా ఉన్న పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టారు. "తేనెకొండల జలసంపద మీద శాఖ వేసిన ప్రామాణిక గ్రంథం. నూటపద్నాలుగో పేజీ. చీకటివాగు అరుదైన పుల్లని వాగు అని రాశారు. ఈ పులుపు కొండగర్భంలోంచి వస్తోందని ఒకాయన నిరూపించి డాక్టరేటు తీసుకున్నాడు. ఇప్పుడు మీ ఆవిడ గిన్నెలోంచి వచ్చిందంటే ఆయన పట్టా ఏం కావాలి?"

"తప్పు దిద్దుకునే దారి లేదాండి?" అన్నాను.

"ఎందుకు లేదమ్మా? మూల విలువ సవరణ దరఖాస్తు ఉంది. దానికి జతగా, ఆరేళ్ళ కిందటి అదే తేదీన అదే గంటకి పట్టిన తాజా నమూనా సమర్పించాలి."

పండమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "అంటే ఆ రోజుకి ఎనక్కెల్లి పట్టుకు రావాలాండి?"

"వెళ్ళగలిగితే శాఖకి అభ్యంతరం లేదు." రేంజరు గారు వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "మూల విలువ మారదు. పోర్టల్ మారదు. నేను ఆగస్టులో రిటైరవుతున్నాను, అదీ మారదు. ఇంక మారగలిగింది ఏమిటి?"

"వాగండి," అన్నారు మా ఆయన.

"అదీ. దాని సహజ స్వభావాన్ని దానికి తిరిగి ఇవ్వండి. దీన్ని పునరుద్ధరణ అంటారు."

పట్టే సీసాలో నాలుగు చుక్కల మజ్జిగ కలిపితే పోయేదే. కానీ ఆ దారి మూసేశారు. నమూనా పట్టేటప్పుడు వీడియో తియ్యాలి, సీసా సీలు కెమెరా ముందే విప్పాలి. మూల నమూనా పట్టిన స్థలం తాలూకు అక్షాంశ రేఖాంశాల మీదే నిలబడి పట్టాలి. కాబట్టి పులవవలసింది వాగే.

మార్చి నెల రీడింగు రోజు తెల్లారకముందే లేచి రెండు గుండిగల మజ్జిగ చిలికాను. వేసవి మొదలవుతోంది గనుక వాగు సన్నగా, చెయ్యంత మందాన పారుతోంది. నమూనా పట్టే చోటుకు పదిగజాల ఎగువన పెద్ద రాయి ఉంది. దాని వెనక నేను, పండమ్మ, గూడెం ఆడవాళ్ళు నలుగురు బిందెలతో కూర్చున్నాం. దిగువన మా ఆయన కెమెరా ముందు నిలబడి సీలు విప్పుతూ గట్టిగా దగ్గితే పొయ్యాలి. అదీ గుర్తు.

"మా పిల్లలకి చల్ల సుక్క దొరకదు. వాగుకి పొయ్యమంటారేటమ్మా," అంది పండమ్మ.

"దాని సహజ స్వభావం అదేనట."

"వాగు పుట్టినకాణ్ణించీ దాని పక్కనే ఉన్నాం. మాకెప్పుడూ సెప్పలేదు."

మా ఆయనకు నిజంగానే దగ్గు వచ్చింది. ముందుగా ఒకసారి, అసలు సమయానికి ఒకసారి. మొదటిసారికే సగం పోసేశాం. తేడా తొంభై ఒకటి నుంచి యాభై ఎనిమిదికి దిగింది.

కేంద్రం నుంచి అభినందన వచ్చింది. చీకటివాగు కోలుకునే దిశలో ఉన్నదని, స్థానిక సమాజం భాగస్వామ్యం ప్రశంసనీయమని. రేంజరు గారు దాన్ని లామినేషన్ చేయించారు.

ఏప్రిల్‌లో దగ్గుకు బదులు ఈల పెట్టుకున్నాం. గుండిగలు ఐదయ్యాయి. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరేపాకు అన్నీ పాళ్ళ ప్రకారం వేశాను. గూడెం ఆడవాళ్ళకు చెయ్యి తిరిగింది. ధార తెగకుండా, నురగ రాకుండా వాలుగా పొయ్యడం నేర్చుకున్నారు. కిందనున్న ఎండుచేపల కొట్టాయన నన్ను చూసి, "అమ్మగారూ, ఎవరింట్లోనండి పెళ్ళి?" అని అడిగాడు. తేడా పన్నెండుకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఇంకా ఏడు పాళ్ళు తగ్గాలి. మిగిలింది మే ఒక్కటే నెల. కంచె వెయ్యడానికి ముళ్ళతీగ చుట్టలు అప్పుడే లారీలో వచ్చి రేంజి ఆఫీసు వసారాలో దిగాయి.

ఆ వారంలోనే కేంద్రం నుంచి సమన్వయాధికారి డాక్టర్ మేఘశ్యామ్ గారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. మెడలో రెండు గుర్తింపు కార్డులు. జీపు దిగి తిన్నగా మా వంటింట్లోకి వచ్చారు. గుండిగలు దాచడానికి చోటు లేదు, వంటింటి నిండా అవే ఉన్నాయి.

"మేడమ్, పునరుద్ధరణ ద్రవం తయారయ్యేది ఇక్కడేనా?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ వంక చూశారు.

"మజ్జిగండి అది," అన్నాను. దాచి ప్రయోజనం లేదనిపించింది.

"ఆ పదం మా పదకోశంలో లేదు," అన్నారాయన సౌమ్యంగా. "మీరు కంగారు పడుతున్నారు. చాలామంది మమ్మల్ని అపార్థం చేసుకుంటారు. మేం నీళ్ళు చూసే శాఖ కాదు మేడమ్. నీళ్ళు చూసే శాఖ వేరే ఉంది. మేం తేడా చూస్తాం. తేడా లేకపోవడమే ప్రకృతి." ఆయన ఓ గుండిగలో మీటరు ముంచి, అంకె చూసి, ల్యాప్‌టాప్ తీసి మా రోలు మీద పెట్టుకున్నారు. "పులుపు సరిపోయింది. లవణం సరిపోయింది. ఒక సుగంధ ఘటకం లోటుంది. నిమ్మజాతికి సంబంధించినది. మూల నమూనాలో ఉంది, మీ ద్రవంలో లేదు."

"నిమ్మకాయ నేను మజ్జిగలో పిండనండి."

"ఆలోచించండి. ఆరేళ్ళ కిందట, మే నెల, పద్దెనిమిదో తేదీ."

ఆరేళ్ళ కిందట మే పద్దెనిమిదిన మజ్జిగలో ఏమేసిందీ గుర్తున్న ఆడమనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంటుంది. ఆ వేసవిలో మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఆవిడ పెరట్లో దబ్బచెట్టు పెంచారు. ఆ ఆకు నలిపి వెయ్యనిదే మజ్జిగ గడపదాటి వెళ్ళనిచ్చేవారు కాదు. ఆవిడ తిరిగి మా మరిది దగ్గరికి వెళ్ళిపోయాక నేను ఆ అలవాటు మానేశాను. కారణం ఈ కథకు అనవసరం.

"దబ్బాకు," అన్నాను.

డాక్టర్ మేఘశ్యామ్ గారు దాన్ని రాసుకున్నారు. "ఎన్ని?"

"నాలుగాకులు. నలిపి."

"నలపడం సవ్యంగానా, అపసవ్యంగానా?"

"మా అత్తగారు చెప్పాలండి ఆ మాట."

ఆయన మా అత్తగారికి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు. శాఖ తరపున అడుగుతున్నామని చెప్పాక ఆవిడ గొంతు సవరించుకుని, "మీకైనా తెలిసింది బాబూ దబ్బాకు విలువ. మా కోడలికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది," అన్నారు. తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆయన ఒక్క ముక్క వదలకుండా టైపు చేసుకున్నారు. ఆ పాఠం ఇప్పుడు కేంద్రం వారి ప్రామాణిక కార్యవిధానంలో మూడో అనుబంధంగా ఉంది. నా ప్రస్తావన అందులో రెండు చోట్ల ఉంది, రెండూ లోపాల జాబితాలోనే.

మే నెల రీడింగు రోజున చీకటివాగు గుమగుమలాడింది. ఈల సరిగ్గా పడింది, ధార సరిగ్గా పడింది. తేడా రెండు. ఆకుపచ్చ దీపం వెలిగింది. ముళ్ళతీగ చుట్టల మీద రేంజరు గారు పాత పేపర్లు కప్పించారు. పండమ్మ నా చెయ్యి పట్టుకుని, "మమ్మల్ని ఒగ్గేసినట్టేనా అమ్మా ఇంక?" అంది. ఒగ్గేసినట్టే అన్నాను. నాకేం తెలుసు.

చీకటివాగు పదకొండు అభయారణ్యాల్లో మొదటి స్థానంలోకి వచ్చింది. అనుభవాలు పంచుకోవడానికి వీడియో సమావేశం పెట్టారు. విషయ నిపుణురాలినని నన్నూ కూర్చోబెట్టారు. తెర మీద పదకొండు గళ్ళు, పదకొండు ముఖాలు. మొదట అందరూ గుంభనంగా ఉన్నారు. మా ఆయన మొహమాటపడుతూ మజ్జిగ సంగతి చెప్పేసరికి ఒక్కొక్కరికీ గొంతు పెగిలింది.

ఒక అభయారణ్యం వారి మూల నమూనా వరద రోజున పట్టారట. పోర్టల్ వచ్చినప్పటినుంచీ రోజూ పొద్దున్నే ముప్ఫై తట్టల ఎర్రమట్టి సెలయేట్లో కలుపుతున్నారట. ఇంకొకరిది పిక్నిక్కు వాళ్ళు గిన్నెలు తోముతుండగా పట్టినది. వాళ్ళు బట్టల సబ్బు తురుముతున్నారు. ఎర్ర దీపం వచ్చిన నెలలో సబ్బు కంపెనీ మార్చారని తర్వాత తేలిందట. అన్నిటికన్నా జాలేసింది పక్క జిల్లా ఆయన్ని చూస్తే. వాళ్ళ మూల నమూనా పట్టిన వేళ చెరువులో ఒక గేదె నిలబడి ఉంది. ఆ గేదె చనిపోయింది. "ఎన్ని గేదెల్ని దింపినా ఆ విలువ రావట్లేదండి," అన్నాడాయన. అందరం ఓ నిమిషం మౌనంగా ఉన్నాం.

సమావేశం చివర డాక్టర్ మేఘశ్యామ్ గారు శుభవార్త చెప్పారు. మొదటి స్థానంలో ఉన్న చీకటివాగుకు సెన్సరు మంజూరైంది. ఇకమీదట మనిషి వెళ్ళి నీళ్ళు పట్టక్కర్లేదు. వాగులోనే మునిగి ఉండే పెట్టె గంటగంటకూ రీడింగు తీసి తనే పంపుతుంది. వరసగా మూడు రీడింగులు ఎర్రగా వస్తే కంచె ఉత్తర్వు కూడా తనే పంపుతుంది.

గంటకో రీడింగు అంటే గంటకో గుండిగ.

జూన్ మొదటివారం మా క్వార్టర్సులో ఎవరూ నిద్రపోయిన గుర్తు లేదు. గూడెం ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. పాలకేంద్రం వాళ్ళు పెరుగు డబ్బాలు తెచ్చి దింపేవారు. మా ఆయన కావడి మోసేవారు. కొండముచ్చులు వాసన పట్టి గుంపులుగా దిగి, రాళ్ళమీద వరసగా కూర్చుని దోసిళ్ళతో తాగి, అక్కడే పడుకునేవి. అడవిలో పెట్టిన జంతువుల కెమెరాలు చూసుకునే విభాగం వారు తేనెకొండల్లో కొండముచ్చుల సంఖ్య మూడింతలైందని, వాటి ప్రవర్తనలో చెప్పుకోదగ్గ ప్రశాంతత కనిపిస్తున్నదని వేరే నివేదిక పంపారు. దానికీ లామినేషన్ అయింది.

ఇంతలో తొలకరి పడింది. వాగు చెయ్యంత మందం నుంచి మోకాటి లోతుకు వచ్చింది. రేంజరు గారు లెక్కకట్టి, సహజ స్వభావం నిలబెట్టాలంటే రోజుకు నాలుగు ట్యాంకర్ల ద్రవం, పదహారు బస్తాల దబ్బాకు కావాలని పైకి రాశారు. పైనుంచి ట్యాంకర్లు మంజూరు చేస్తూ, దబ్బాకు విషయంలో మాత్రం ఉద్యానశాఖ అభిప్రాయం కోరారు.

ఆ జవాబు వచ్చిన సాయంత్రం పండమ్మ మా ఇంటికి వచ్చింది. బిందె దించి నా ముందు పెట్టింది. "వాసన సూడమ్మా."

చూశాను. పుల్లగా, తెరకట్టినట్టుంది.

"వారం నించీ ఇయ్యే. కుండల్లో పోత్తే పొద్దుటికి తోడుకుంటన్నాయి. పిల్లలకి కడుపులు పాడైనియ్యి. మా కోడలు బోరు నీళ్ళు తెచ్చి కాత్తంది." ఆవిడ గొంతు పెంచలేదు. "వాగు మాకుండాలనే గదమ్మా ఈ తిప్పలన్నీ. ఉంది. మరి మేం నీళ్ళు యాడ తాగాలి?"

నా చేతిలో కవ్వం ఉంది. దాన్ని పక్కన పెట్టాను.

పండమ్మ గుమ్మంలో కూర్చుంది. తర్వాత అడిగింది. "ఆ పెట్టె ఏటి సూత్తాదమ్మా?"

"తను మునిగి ఉన్న నీళ్ళని."

"మునిగినియ్యేనా?"

"మునిగినవే."

"పక్కనించి ఎల్లే నీళ్ళు?"

"వాటితో దానికి పనిలేదు."

"ఆ సోటు నించి మాత్రం కదలకూడదు."

"అంగుళం కదిలినా ఎర్ర దీపమే."

పండమ్మ లేచి కొంగు దులుపుకుంది. "బాన ఉందామ్మా మీ ఇంట్లో? పెద్దది?"

మర్నాడు మబ్బుపట్టిన పొద్దున మేమిద్దరం, మా ఆయన కలిసి, చీకటివాగు మధ్యలో, అక్షాంశ రేఖాంశాలు ఏమాత్రం తప్పకుండా, నాలుగు రాళ్ళు పేర్చి నడుం ఎత్తున్న మట్టిబాన నిలబెట్టాం. అందులో రెండు గుండిగల మజ్జిగ పోసి, నాలుగు దబ్బాకులు నలిపి, సెన్సరు పెట్టెను జాగ్రత్తగా అందులోకి దించాం. మూత కప్పాం. తేడా ఒకటి కూడా లేదు. వాగు బానను రెండువైపులా రాసుకుంటూ, తన మానాన తాను దిగువకు వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి పులుపు కొట్టుకుపోయింది. సాయంత్రం గూడెం ఆడవాళ్ళు బిందెలు ముంచుకున్నారు.

ట్యాంకర్లు వద్దని రేంజరు గారు రాశారు. ఎందుకొద్దో రాయలేదు. పదిరోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజున డాక్టర్ మేఘశ్యామ్ గారి తనిఖీ.

ఆయన ప్యాంటు మడుచుకుని వాగులోకి దిగారు. బాన చుట్టూ రెండుసార్లు తిరిగారు. మూత ఎత్తి చూశారు. మేం గట్టుమీద నిలబడ్డాం. రేంజరు గారు తన రిటైర్మెంటు తేదీని మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపారు. పండమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలుచుంది. తేడా కనిపిస్తే వెంటనే కంచె వెయ్యడానికని ముళ్ళతీగ చుట్టలు ఆ ఉదయమే జీపులో పైకి వచ్చాయి.

డాక్టర్ గారు ఫోనులో స్థలం సరిచూసుకున్నారు. అంకె సరిచూసుకున్నారు. ఇంకోసారి చూసుకున్నారు.

"సున్నా దశాంశం నాలుగు," అన్నారు మెల్లగా. "పదకొండు అభయారణ్యాల్లో ఇంత స్థిరమైన జలవనరును నేను చూడలేదు. వర్షం పడ్డా మారదు, ఎండ కాసినా మారదు. చీకటివాగు అంటే ఇదీ." బాన అంచు మీద చెయ్యి వేశారు. "ఇంతకాలం దీన్ని కొండ పొడవునా వెతుకుతూ వచ్చాం. ఇది ఇక్కడ కేంద్రీకృతమై ఉంది."

"అవునండి," అన్నారు రేంజరు గారు, ముందుగా తేరుకుని.

"దీని రక్షణ మాటేమిటి? కొండముచ్చులు తాగేస్తే?"

"అదే భయంగా ఉందండి."

"కంచె వేయించండి. వెంటనే."

తీగ ఎలాగూ వచ్చి ఉంది కాబట్టి గంటలో పనయింది. బాన చుట్టూ ఐదు వరసల ముళ్ళకంచె, ఆకుపచ్చ బోర్డు. చీకటివాగు, రక్షిత జలవనరు, అనుమతి లేనిదే ప్రవేశించరాదు. మా ఆయనకు రోజూ పొద్దున లోపలికి వెళ్ళి ద్రవం మార్చడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. డాక్టర్ గారు బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగారు.

ఎండెక్కింది. ఆయన చెమట తుడుచుకుని, "కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా?" అన్నారు.

పండమ్మ కంచె పక్కనుంచి వాగులోకి దిగి, బిందె ముంచి, చేతి చెంబుతో తీసి ఇచ్చింది. ఆయన ఒక చెంబు తాగారు. ఆగి, ఇంకోటి అడిగి తాగారు. మూడోది తాగాక గట్టుమీద రాయి చూసుకుని కూర్చున్నారు.

"ఇంత తియ్యటి నీళ్ళు నేను పుట్టాక తాగలేదు," అన్నారు. ఆ మాట ఆయన ఆఫీసు గొంతుతో అనలేదు. ఎక్కడో చిన్నప్పటి గొంతుతో అన్నారు. నాకు ఆ క్షణంలో ఆయనంటే ఇష్టం కలిగింది. మరుక్షణంలో ఆయన జేబులోంచి కలం తీశారు.

"ఇవి నమోదైనట్టు లేవే. ఇంత మంచి నీళ్ళు పోర్టల్‌లో లేకపోవడం ఘోరం. ఏ వాగమ్మా ఇది? పేరు చెప్పు."

రేంజరు గారు ఆకాశంలోకి చూశారు. పండమ్మ చెంబు బోర్లించి, నీటిచుక్క విదిలించి, ఆయన్ని ఒక్కసారి తేరిపార చూసింది.

"వాగేటి బాబూ," అంది. "వాగు అదిగో, కంచెలో ఉంది గదా. ఇయ్యి ఊరికే ఇలా పోతన్న నీళ్ళు."

ఆయన కంచె వంక చూశారు, బోర్డు చదువుకున్నారు. మళ్ళీ కాళ్ళ దగ్గర పారుతున్న నీళ్ళ వంక చూశారు.

"అంతే కదా మరి," అని కలం మూత పెట్టుకున్నారు.